మోకాలు చెప్పేసింది, నువ్వింకా చెప్పలేదు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ఉద్దానం, కంచిలి దగ్గర పల్లె. నాకు 27 ఏళ్లు. శ్రీకాకుళంలో డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా ఆంధ్ర ఫుట్‌బాల్ జట్టు తరఫున రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ ఆడాను. అక్కడ ఒకరి కంట్లో పడి కోల్‌కతా వెళ్లిపోయాను. చదువు అక్కడితో ఆగింది. కోల్‌కతా లీగ్ ఆడాను, తర్వాత ఐ-లీగ్ రెండో డివిజన్‌లో ఒక క్లబ్‌కి వింగర్‌గా ఆడాను. నెలకు 40 వేలు వచ్చేవి. తిత్లీ తుఫానుకి మా కొబ్బరి తోట పోయాక ఇల్లు చాలావరకు నా డబ్బుతోనే నడుస్తోంది.

కుడి మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంటు తెగింది. ఆపరేషన్ అయ్యాక క్లబ్ తొందరపెడితే ఆరో నెలలోనే మైదానంలో దిగాను. మళ్లీ తెగింది. ఈసారి మెనిస్కస్ కూడా చాలావరకు తీసేశారు. విశాఖ డాక్టరు ఎంఆర్ఐ చూసి ఇక ఫుట్‌బాల్ వద్దని చెప్పేశారు. ఇది జరిగి ఏడు నెలలు. విజయనగరంలో స్నేహితుడి గదిలో ఉండి ఫిజియోథెరపీకి వెళ్తున్నాను. ఇంట్లోవాళ్లు మాత్రం కాలు బాగైందనీ, నేను కోల్‌కతాలోనే ఉన్నాననీ అనుకుంటున్నారు. క్లబ్‌తో కాంట్రాక్టు మే దాకా ఉంది, మూడు నెలల జీతం బాకీ. ఇంటికి పంపే డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పంపుతున్నాను. అది లక్షా 20 వేలైంది. మాఘంలో నా పెళ్లి. అమ్మాయిది నరసన్నపేట వైపు, సచివాలయంలో ఉద్యోగం. వాళ్లకీ ఏమీ తెలియదు.

సంక్రాంతికి బరంపురం దగ్గర టోర్నమెంట్ ఆడితే 15 వేలు ఇస్తామంటున్నారు. ఇంజెక్షన్ వేసుకుంటే ఆడొచ్చని ఒకతను చెప్పాడు. ఇప్పటికే రోజూ నొప్పి మాత్రలు వేసుకుంటున్నాను. ఇంకొక్క సీజన్ ఆడి అప్పు తీర్చేసి మానేద్దామని ఉంది. ఆడొచ్చా? ఆడకపోతే ఏం చేయాలి? ఆట తప్ప నాకేమీ రాదు.
— పేరు వద్దు, విజయనగరం

సమాధానం: బాబూ, ఆడొద్దు. బరంపురం టోర్నమెంటూ వద్దు, ఇంకొక్క సీజనూ వద్దు. నేను పీడీగా, అంటే ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ని, డాక్టరుని కాను. అయినా ఈ మాట ఇంత గట్టిగా అంటున్నానంటే, నీ ఎంఆర్ఐ చూసిన డాక్టరు ఏడు నెలల కిందటే అనేశారు కాబట్టి.

నీ ఉత్తరంలో నాకు మోకాలి కంటే పెద్దగా కనిపించింది ఇంకొకటి ఉంది. అప్పు ఎందుకు పెరుగుతోంది? ఇంట్లో తెలియదు కనుక. మాత్రలు ఎందుకు మింగుతున్నావు? కుంటుతూ ఎవరి కంటా పడకూడదని. క్లబ్‌ని బాకీ ఎందుకు గట్టిగా అడగలేదు? అడిగితే సంగతి బయటికొస్తుందని. ఆట ఆగింది మోకాలి వల్ల. మిగతావన్నీ ఆగింది నువ్వు దాచడం వల్ల. అందుకని ఏ పని చేసుకు బతకాలన్న ప్రశ్న కాస్త పక్కన పెట్టు. ముందు ఎవరికి, ఎలా చెప్పాలో చూద్దాం.

దానికంటే ముందు మాత్రల సంగతి. ఇది రేపు పొద్దున్నే తేల్చుకోవాల్సింది. ఉద్దానం అబ్బాయికి ఉద్దానం గురించి నేను చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు మనిషి లేని ఊరు కోసం వెతకాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచింది అందుకే. ఆ జబ్బుకి కారణం ఇదీ అని పరిశోధకులు ఇప్పటికీ ఖాయంగా తేల్చలేదు. కానీ డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయన్నది మాత్రం ఎప్పుడో తేలిన విషయం. ఆరోగ్యంగా ఉన్నవాడు డాక్టరు చెప్పినట్టు నాలుగు రోజులు వాడితే మామూలుగా తట్టుకుంటాడు. నెలల తరబడి రోజూ వాడటం వేరు. అందులోనూ ఆ మండలాల్లో పుట్టి పెరిగి, చెమట కారే ఆటలో ఉన్నవాడు వాడటం మరీ వేరు. కిడ్నీలు బాగా దెబ్బతినేదాకా మనిషికి ఏ బాధా తెలియదు. అదే దీంతో వచ్చిన చిక్కు.

రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్, ఈ రెండు పరీక్షలూ చేయించు. పెద్ద ఖర్చేమీ కాదు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా కూడా చేస్తారు. రిపోర్టు తీసుకుని నీ ఆర్థో డాక్టరు దగ్గరికే వెళ్లి, రోజుకి ఏ మాత్ర, ఎన్ని, ఎన్నాళ్లుగా వేసుకుంటున్నావో ఉన్నదున్నట్టు చెప్పు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు ఆయన లెక్కలో ఉండవు.

ఇంజెక్షన్ వేసుకుంటే ఆడొచ్చన్నతను సగం నిజమే చెప్పాడు. ఆడొచ్చు. మత్తుమందు నొప్పిని తెలియనివ్వదు. కానీ మెనిస్కస్ అంటే రెండు ఎముకల మధ్య ఉండే మెత్త. నీకది చాలావరకు లేదు. ఇప్పుడు నువ్వు పరుగు మధ్యలో ఆగి పక్కకి తిరిగిన ప్రతిసారీ ఆ ఒత్తిడంతా ఎముక చివర ఉన్న గుజ్జు మీదే పడుతుంది. నొప్పి ఉంటే కాలు తనంతట తానే వెనక్కి తగ్గుతుంది. అది లేకుండా చేసుకుని ఆడావనుకో, ఎంత అరిగిందో ఆట అయ్యాకే తెలుస్తుంది. స్టిరాయిడ్ అయితే తరచూ వేసేకొద్దీ గుజ్జుకే చేటు. ఏసీఎల్ తెగి, మెనిస్కస్ పోయిన మోకాలికి చిన్న వయసులోనే అరుగుదల వచ్చే ప్రమాదం ఎలాగూ ఉంది. దాన్ని 15 వేలకి ఇంకా దగ్గరకి లాక్కోవద్దు.

ఆరో నెలలో దిగానని నువ్వు సిగ్గుపడుతూ రాసినట్టు అనిపించింది. తొమ్మిది నెలలు నిండకుండా దిగితే మళ్లీ తెగే ప్రమాదం బాగా ఎక్కువని ఈ రంగంలో అందరికీ తెలుసు. నిన్ను దించినవాళ్లకీ తెలుసు. జీతం కోసం ఆడే కుర్రాడు కోచ్ దిగమంటే దిగుతాడు. అది నీ నెత్తిన వేసుకోకు.

ఇక చెప్పడం. నెదర్లాండ్స్ ఆటగాడు మార్కో వాన్ బాస్టెన్ పేరు నీకు తెలిసే ఉంటుంది. ఆయన చివరి మ్యాచ్ 1993 మేలో, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. అప్పటికి 28 ఏళ్లు. చీలమండ బాగుపడుతుందని రెండేళ్లకు పైగా ఎదురుచూసి, 1995 ఆగస్టులో గానీ రిటైరైనట్టు ప్రకటించలేదు. ఆయన వెనక మిలాన్ లాంటి క్లబ్ ఉంది, డబ్బుంది, ఎదురుచూడగలిగాడు. సెబాస్టియన్ డైస్లర్ అని ఇంకొకాయన, జర్మనీ మిడ్‌ఫీల్డర్. మోకాలి గాయాలు, ఆపరేషన్లు, మధ్యలో డిప్రెషన్‌కి చికిత్స. 2007 జనవరిలో విలేకరుల ముందు కూర్చుని నా మోకాలి మీద నాకు నమ్మకం పోయిందన్న అర్థంలో చెప్పేసి లేచి వెళ్లాడు. సరిగ్గా నీ వయసు, 27. చాలామంది ఆయన కథని విషాదంగా చెబుతారు. నాకు మాత్రం అందులో ధైర్యమే కనిపిస్తుంది.

నువ్వు విలేకరుల ముందు కూర్చోనక్కర్లేదు. కంచిలి వెళ్తే చాలు.

ఫోన్‌లో చెప్పకు. ఇంటికి వెళ్లు. ఇంగ్లీషు రిపోర్టు చూపిస్తే నాన్నకి ఏమీ అర్థం కాదు కాబట్టి, వీలైతే ఆయన్ని విశాఖ తీసుకెళ్లి డాక్టరు నోటితోనే వినిపించు. మన వైపు తండ్రులు కొడుకు మాట కంటే డాక్టరు మాట తొందరగా నమ్ముతారు. ‘ఏట్రా, ఇన్నాళ్లూ మాకెందుకు చెప్పనేదు?’ అని కోప్పడతారు. పడనివ్వు. ఏడు నెలలు కోల్‌కతాలో ఉన్నట్టు నటించావు, ఆ మాత్రం కోపం న్యాయమే. అయితే ఒకటి ఆలోచించు. 2018 అక్టోబరులో ఒక్క రాత్రికి కాపుకొచ్చిన తోట మొత్తం పోగొట్టుకున్న మనిషాయన. చేతిలో ఉన్న జీవనాధారం తన తప్పేమీ లేకుండా పోవడమంటే ఏమిటో మీ ఇంట్లో నీకంటే ముందే తెలిసినవాడు. ఈ వార్త తట్టుకోలేడని నువ్వు ఎందుకనుకున్నావో నాకు బోధపడలేదు. పడిపోయిన చెట్లని దాచడం కుదరలేదు కాబట్టి ఊరంతా చూసింది, అధికారులొచ్చి లెక్క రాసుకున్నారు, ఎంతో కొంత సాయం అందింది. నీ మోకాలు ప్యాంటు కింద ఉంది, అంతే తేడా.

అదే రోజు అప్పు సంగతి కూడా చెప్పేయి, ఇంకో విడతకి దాచుకోవద్దు. లక్షా 20 వేలకి నూటికి మూడు చొప్పున నెలకు 3,600 వడ్డీ. ఏడాదికి 43,200. అసలు రూపాయి తగ్గదు. నువ్వు అప్పు చేసి ఇంటికి పంపుతున్నావంటే, నిజానికి ఆ వడ్డీ కట్టేది మీ ఇల్లే, వాళ్లకి తెలియకుండా. అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంటే ఆ రుణం, లేదంటే ఇంట్లో బంగారం మీద బ్యాంకు రుణం, ఏదైనా ఇంతకంటే చాలా తక్కువ వడ్డీకి వస్తుంది. బయటి అప్పు దాంతో ఒకేసారి తీర్చేయండి. ఈ దారి ఏడు నెలల క్రితం కూడా ఉంది. చెప్పలేదు కాబట్టి మూసుకుపోయింది.

ఇప్పుడు ఆ అమ్మాయి. నీ ఉత్తరంలో ఆమె గురించి రెండు ముక్కలే రాశావు. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఆ రెండు ముక్కలే. మాఘం ఎంతో దూరం లేదు. కోల్‌కతాలో ఫుట్‌బాల్ ప్లేయరు, నెలకు 40 వేలు అన్న మాట మీద సంబంధం కుదిరింది. ఆ మాట ఇప్పుడు నిజం కాదు. పెళ్లయ్యాక నెమ్మదిగా చెబుదామని నీకు ఎవరైనా సలహా ఇస్తే ఆ మనిషికి దూరంగా ఉండు. మధ్యవర్తి చేత కబురు పెట్టించడం కూడా వద్దు. ఆ కబురు నరసన్నపేట చేరేసరికి నీకు కాలే లేదన్నట్టు తయారవుతుంది. ఇంట్లో చెప్పిన వెంటనే నువ్వే ఆమెతో మాట్లాడు, ఆ తర్వాత మీ నాన్న వాళ్ల నాన్నతో మాట్లాడతారు. ఆమెకి మూడు విషయాలు తెలియాలి: నువ్వు ఇక ఆడలేవు, అప్పు ఇంత ఉంది, ఏడు నెలలుగా దాచావు. మూడోది చెప్పడమే కష్టం, అదే వదలకుండా చెప్పాల్సింది. ఆలోచించుకోవడానికి టైమివ్వు. పెళ్లి వాయిదా అంటే వాయిదా, వద్దంటే వద్దు. ఒప్పుకుంటే మాత్రం నీ ఇంటికొచ్చే మనిషి అన్నీ తెలిసి వస్తుంది. కట్నం మాటలేమైనా జరిగి ఉంటే, అది నీ జీతం చూసి కట్టిన లెక్కే అయి ఉంటుంది. 1961 నుంచీ చట్టం వద్దంటున్న పని కాబట్టి దాన్ని వదిలేయడానికి ఇంతకంటే మంచి అవకాశం మీ ఇంటికి రాదు.

క్లబ్ దగ్గర మాత్రం పద్ధతి వేరు. ఇంట్లో నోటితో చెప్పు, క్లబ్‌కి నోటితో ఏమీ చెప్పకు. కాంట్రాక్టు మే దాకా ఉందన్నావు. ఆటలో దెబ్బ తగిలినంత మాత్రాన కాంట్రాక్టు దానంతటదే రద్దు కాదు. నువ్వే ఫోన్ చేసి మానేస్తున్నానంటే, రాజీనామా రాసిచ్చావంటే, లెక్క వాళ్ల వైపు తిరుగుతుంది. పరస్పర అంగీకారం అనో, బాకీలేమీ లేవనో రాసిన కాగితం పంపి సంతకం పెట్టమంటారు. చదవకుండా పెట్టకు, చదివాక కూడా తెలిసినవాళ్లకి చూపించకుండా పెట్టకు. నీ కాంట్రాక్టు కాపీ, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, రెండు ఆపరేషన్ల కాగితాలు ఒక ఫైల్లో పెట్టుకో. బాకీ అడుగుతూ ఈమెయిల్ రాయి. తేదీతో సహా అది సాక్ష్యం. జవాబు రాకపోతే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యలో ఇలాంటి తగాదాలు వినడానికి ప్లేయర్స్ స్టేటస్ కమిటీ ఉంది. ఫుట్‌బాల్ ప్లేయర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అని ఆటగాళ్ల సంఘం 2006 నుంచీ ఉంది, వాళ్లకీ రాయి. ఏళ్లు గడిచాక అడిగితే కాలపరిమితి దాటిందంటారు, ఆలస్యం చేయకు.

ఇక బతుకుతెరువు. ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. సికింద్రాబాద్ ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరామ్ 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం గెలిచిన జట్టులో ఉన్నాడు. మరుసటి ఏడే ఊపిరితిత్తుల జబ్బుతో ఆట వదలాల్సి వచ్చింది. ఆయనదీ దాదాపు నీ వయసే. కానీ చేతిలో రైల్వే ఉద్యోగం ఉంది. మన ఆమదాలవలస కరణం మల్లీశ్వరి 2004 ఏథెన్స్‌లో నడుం నొప్పితో బరువెత్తలేక ఆట ముగించేనాటికి ఫుడ్ కార్పొరేషన్‌లో ఉద్యోగి. అప్పట్లో ఆటగాడంటే ముందు ఏదో ఒక సంస్థ ఉద్యోగి. కాలు పోయినా కుర్చీ ఉండేది. ఇప్పుడు క్లబ్ కాంట్రాక్టు వచ్చింది, డబ్బు ఎక్కువే ఇస్తుంది, కుర్చీ ఇవ్వదు. నీ చుట్టూ ఉన్నవాళ్లు ‘ప్లేయర్‌వి కదా, రైల్వేలో చూడు’ అంటారు. వాళ్లకి తెలియనిది ఏమంటే, రైల్వే స్పోర్ట్స్ కోటాలో ఇటీవలి సంవత్సరాల ఆట చూస్తారు, ట్రయల్స్‌లో పరుగెత్తించి మరీ తీసుకుంటారు. ఆ తలుపు నీకు మూసుకుంది.

‘పీఈటీ అయిపో’ అని, అంటే స్కూల్లో వ్యాయామ టీచరువి కమ్మని రెండో సలహా వస్తుంది. దానికి ఇంటర్ మీద డీపీఈడీ, డిగ్రీ మీద బీపీఈడీ అని కోర్సులున్నాయి, రెండిటికీ పీఈసెట్ అనే ప్రవేశపరీక్ష రాయాలి. అందులో పరుగు, గెంతు, గుండు విసరడం, ఆట నైపుణ్యం, అన్నీ శరీరంతో చేసి చూపించాలి. దరఖాస్తు పెట్టకముందు నీ డాక్టరుని అడుగు. ఈ ఏడాది కాకపోయినా, తొడ కండరాలు బలపడ్డాక ఆయన సరేనంటారేమో. రిఫరీ అవుదామని మాత్రం అనుకోకు, మ్యాచ్‌లో రిఫరీ కూడా ఆటగాళ్లతో సమానంగా పరుగెత్తాలి.

నా మాట వింటే ముందు డిగ్రీ పూర్తి చేయి. ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్యలోనో, ఇగ్నోలోనో కట్టు. రెండో ఏడు దాకా చదివిన మార్కులు ఏమైనా కలుపుకుంటారేమో అడుగు. రాష్ట్రంలో స్పోర్ట్స్ కోటా ఇప్పుడు 3 శాతం ఉంది. అందులో పనికొచ్చేది నీ క్లబ్ మ్యాచ్‌లు కావు, నువ్వు రాష్ట్రం తరఫున ఆడిన సంతోష్ ట్రోఫీ. కానీ డిగ్రీ లేనివాడికి ఆఫీసు ఉద్యోగాల్లో ఆ కోటా ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

కోచింగ్ గురించి నువ్వు రాయలేదు, అయినా నీ మనసులో ఉండే ఉంటుంది. కోచ్‌లకి మొదట్లో ఉండే డి-లైసెన్స్ కోర్సు కొద్ది రోజులే, రాష్ట్ర సంఘం పెట్టినప్పుడు చేరొచ్చు, ఆ తర్వాత సి, బి, ఏ అని పైకి వెళ్లొచ్చు. చేతులతో, మాటతో నేర్పించేది ఎక్కువ, మ్యాచ్ వేగం అక్కర్లేదు. గాయంతో ఆట పోయి కోచ్‌లైనవాళ్లు ఉన్నారు. ఇంగ్లండ్‌లో బ్రయన్ క్లఫ్‌కి 1962లో మోకాలి లిగమెంటు తెగింది. తర్వాత కోచ్‌గా నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి 1979, 1980 యూరోపియన్ కప్‌లు గెలిపించాడు. ఆ కథ విని పొంగిపోకు. శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ ఫుట్‌బాల్ కోచింగ్ ఒక్కదాని మీదే ఇల్లు గడవడం ఇవాళ కష్టం. ప్రైవేటు స్కూళ్లు గేమ్స్ మాస్టారుకి ఇచ్చేది తక్కువ, చేయించేది ఎక్కువ. విశాఖలో అవకాశాలు కాస్త మెరుగు. డిగ్రీ నడుస్తుండగా సాయంత్రాలు కోచింగ్, పగలు ఇంకేదైనా పని, ఇలా ఒక రెండు మూడేళ్లు అనుకో. జిల్లా క్రీడాభివృద్ధి అధికారిని ఒకసారి కలువు. శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి స్టేడియం, విజయనగరంలో విజ్జీ స్టేడియం దగ్గర వాకబు చేయి.

ఒక్క జాగ్రత్త. వెంటనే మైదానం దగ్గరికి వెళ్లాలని లేకపోతే వెళ్లొద్దు. వేరేవాళ్లు ఆడుతుంటే గట్టు మీద నిలబడి చూడటం మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది. పన్నెండేళ్ల పిల్లాడి మీద కూడా అసూయ పుడుతుంది. కొందరికి నెలలు పడుతుంది. ఆట తప్ప ఏమీ రాదన్నావు. కోల్‌కతాలో ఒంటరిగా బతికావు, బెంగాలీ, హిందీ వచ్చే ఉంటాయి, డ్రెస్సింగ్ రూమ్‌లో నలుగురితో నెగ్గుకొచ్చావు. అవి పనికొచ్చేవే. కానీ ఇప్పుడు నీకు అలా అనిపించదు, తెలుసు. రాత్రిళ్లు నిద్ర పట్టకపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కి ఫోన్ చేయి. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

మోకాలి విషయంలో ఇంకో రెండు మాటలు. ఫిజియోథెరపీ ఆట కోసం కాదు కదా అని మానేయకు. ఇకమీదట మెట్లెక్కడానికి, బండి మీద కూర్చోవడానికి, పిల్లల్ని ఎత్తుకోవడానికి అదే కావాలి. సైకిలూ, ఈతా మంచివి, నీ ఫిజియోని అడిగి మొదలుపెట్టు. గొంతుక్కూర్చోవడం, మఠం వేసుకు కూర్చోవడం తగ్గించు. పెళ్లి జరిగితే పీటల మీద ఎలా కూర్చోవాలో పంతులుగారితో ముందే మాట్లాడుకో, కుర్చీలో కూర్చుని చేసుకున్న పెళ్లిళ్లు నేను చూశాను, మంత్రాలేమీ తగ్గలేదు. బరువు పెరగనివ్వకు. ఆట మానిన ఆటగాడు తిండి మానడు, అక్కడ చాలామంది దెబ్బతింటారు.

సంతోష్ ట్రోఫీ సర్టిఫికెట్ బయటికి తీసి చూడు. ఉద్యోగాలకి అడిగేది మామూలు పార్టిసిపేషన్ కాగితం కాదు, ఫారం-2, రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకంతో ఉండాలి. డిగ్రీలో ఉండగా యూనివర్సిటీ జట్టుకి ఆడి ఉంటే దానికి ఫారం-3 వేరే ఉంటుంది. నీ దగ్గర ఏవి ఉన్నాయో, క్రియాటినిన్ ఎంత వచ్చిందో రాసి పంపు. ఫారం-2 లేకపోతే సంఘానికి దరఖాస్తు ఎలా పెట్టాలో వచ్చే ఉత్తరంలో చెబుతాను.